సొంతవాక్యం ఎవరిది?

కన్యాశుల్కం గురించి మనవాళ్ళు రాసినంతగా ఇంకో పుస్తకం గురించి రాసి వుండరు. మధురవాణి ఎంత తెలివైనదీ, గిరీశం మోసగాడా బతకనేర్చినవాడా, అగ్నిహోత్రావధాన్లకి కోపం ఎక్కువా దురాశ ఎక్కువా - ఈ తగువులు నూరేళ్ళు దాటినా తెమల్లేదు. తెమలక్కర్లేదు కూడా. నాకు మాత్రం ఆ నాటకం తీసినప్పుడల్లా వెంకమ్మగారి కోరిక ఒకటి మనసులో మెదులుతుంది. సెలవలకి కొడుకు పట్నం నుంచి వచ్చాడు. వెంట ఇంగ్లీషు చదువుకున్న గురువుగారు కూడా దిగారు. ఇంకేం, ఆ తల్లికి ఆనందం పట్టలేదు. మీరిద్దరూ ఒక్కసారి ఇంగ్లీషులో మాట్లాడుకుంటే వినాలని వుంది నాయనా అని అడిగింది.

తర్వాత ఏం జరిగిందో మీకు తెలిసే వుంటుంది. గురువుగారు, ఓడ తగలబడిపోతున్నా కదలకుండా నిలబడ్డ కుర్రాడి పద్యంలోంచి ఒక ముక్క అందుకున్నారు. శిష్యుడు జామెట్రీలోంచి ఒక సిద్ధాంతం ముక్క వదిలాడు. గురువుగారు మిల్టన్ మహాకవి మీద పడి, ఆదిదంపతులు తిన్న పండుని మామిడిపండు చేసి పారేశారు. శిష్యుడు ఏకవచనం బహువచనం అయ్యే వ్యాకరణ సూత్రం ఒకటి గడగడా అప్పజెప్పాడు. ఏం మాట్లాడుకున్నారు బాబూ అని ఆవిడ అడిగితే, ఈ సెలవల్లో చదువు ఎలా సాగించాలో ఆలోచించుకున్నాం అని గిరీశం జవాబు. ఆవిడ మురిసిపోయింది.

మనమూ నవ్వేస్తాం. వెంకమ్మగారి అమాయకత్వానికి కొంతా, వీళ్ళిద్దరి గడుసుతనానికి కొంతా. కానీ నవ్వు ఆగాక మళ్ళీ ఒకసారి ఆ సంభాషణ చదవండి. అందులో సంభాషణకి కావలసిన లక్షణాలు ఏం తక్కువయ్యాయి? ఒకరు మాట్లాడుతున్నప్పుడు ఇంకొకరు ఆగారు. వంతులు తప్పలేదు. ఉచ్చారణకి వంక లేదు. గొంతులో తడబాటు లేదు. ఒకరు అన్నది రెండోవారు వినలేదు, అంతే. వినవలసిన అవసరం వాళ్ళకి లేదు. పిల్లవాడు మాట్లాడినది గురువుతో కాదు, గురువు మాట్లాడినది పిల్లవాడితో కాదు. ఇద్దరూ మాట్లాడినది గుమ్మంలో నిలబడ్డ తల్లికోసం. మన బళ్ళలో భాష పాఠం ఎలా నడుస్తుందో ఇంతకంటే కచ్చితంగా బొమ్మ గీసినవాళ్ళు నాకు తెలిసి లేరు. విజయనగరం మహారాజావారి కాలేజీలో పాఠాలు చెప్పిన మనిషి కదా గురజాడ, తరగతి గది లోపలి సంగతి ఆయనకి తెలియక పోతుందా?

వెంకమ్మగారు చచ్చిపోలేదండోయ్. పెరంటానికి వెళ్ళినప్పుడు చూడండి. "ఆంటీకి రైమ్ చెప్పమ్మా" అనగానే నాలుగేళ్ళ పిల్ల చేతులు వెనక్కి కట్టుకుని, ఎన్నడూ చూడని మంచుని గురించీ, వాళ్ళ ఊళ్ళో లేని గొర్రెపిల్లని గురించీ ఊపిరి తీసుకోకుండా అప్పజెబుతుంది. మనం చప్పట్లు కొడతాం. ఆ పిల్లే అంతకు ముందు పావుగంట సేపు మన వొళ్ళో కూచుని, వాళ్ళ పెరటి చెట్టు మీద కాకి ఎలా గూడు కట్టిందో, అందులోకి వాళ్ళ అమ్మ హెయిర్ పిన్ను ఎలా వెళ్ళిపోయిందో చెబితే "సరేలే, వెళ్ళి ఆడుకో" అన్నాం. నిజానికి మాట్లాడటం అంటే ఆ కాకి కబురు. చప్పట్లు దానికి పడవు.

ఈ ఇంగ్లీషు సీనుని మాతృభాష మీద ఉపన్యాసాలిచ్చేవారు తరచు వాడుకుంటారు. చూశారా, పరాయి భాష మోజు ఎంత హాస్యాస్పదమో అంటారు. అక్కడితో ఆపేస్తారు. గురజాడ అక్కడ ఆపలేదు. పక్కనే కూచున్న మేనమామ కరటకశాస్త్రి ఊరుకోక, ఏదీ ఒక తెలుగు పద్యం చదవరా అంటాడు. వెంకటేశం నలదమయంతుల విరహం మీద పద్యం ఎత్తుకుంటాడు. అందులో పెద్ద సమాసానికి అర్థం ఏమిట్రా అంటే నీళ్ళు నములుతాడు. గిరీశం అడ్డం పడి, పసిపిల్లలకి అర్థాలెక్కడ తెలుస్తాయండీ, ఇప్పటికి వల్లించడమే అన్న ధోరణిలో సర్దుతాడు. అంటే ఆ కుర్రవాడికి ఇంగ్లీషు ఎంత వచ్చో తెలుగూ అంతే వచ్చు. పరాయి భాష అయినంత మాత్రాన చెడిపోలేదు, సొంత భాష అయినంత మాత్రాన బాగుపడలేదు. రెండూ అప్పజెప్పే సరుకే అయ్యాయి. 2018లో తెలంగాణలో బడుల్లో తెలుగు తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చినప్పుడు అందరితోపాటు నేనూ సంతోషించాను. తెలుగు చెప్పాలని చట్టం చెయ్యవచ్చు. తెలుగు క్లాసులో పిల్లల చేత మాట్లాడించాలని ఏ చట్టం చేస్తారు?

ఇక్కడే గిరీశం గురించి ఒక మంచిమాట చెప్పాలి. కోప్పడకండి. నాటకం మొదట్లోనే వెంకటేశం గురువుని నిలదీస్తాడు - మీవల్ల నాకు అబ్బింది చుట్ట కాల్చడం ఒక్కటే, పాఠం చెప్పమంటే ఎప్పుడూ కబుర్లే అని. దానికి గిరీశం ఏమాత్రం చలించడు. తనతో మాట్లాడటమే పెద్ద చదువని తేల్చేస్తాడు. తప్పించుకునేందుకు కోసిన కోత అది, సందేహం లేదు. అయినా ఆ కోతలో ఒక గొప్ప నిజం వుంది. భాష అనేది మాట్లాడుతూంటే వస్తుంది. మాట్లాడేవాడు మనని మనిషిగా లెక్కపెట్టి మాట్లాడితే మరీ తొందరగా వస్తుంది. వెంకటేశాన్ని మార్కుల లెక్క కాక మరో లెక్కలో చూసిన పెద్దమనిషి ఆ నాటకంలో గిరీశం ఒక్కడే. తండ్రికి వాడు పుస్తకాల ఖర్చు. తల్లికి వాడు రాబోయే ఉద్యోగం. గిరీశానికి వాడు కూర్చోబెట్టుకుని కబుర్లు చెప్పదగ్గ నేస్తం. అందుకే వాడు ఎన్ని తిట్టుకున్నా గురువుని వదల్లేదు. గిరీశం అంతటి మంచి భాషా ఉపాధ్యాయుడు అయ్యుండేవాడు, ఒక్క గుణం వుంటే - ఎదుటివాడి మాట వినే గుణం. అది మాత్రం ఆయనకి లేదు. మొదటి అంకం తీసి ఎవరి మాటలు ఎన్ని పంక్తులున్నాయో వేలితో కొలుచుకోండి, తెలిసిపోతుంది.

ఇలా కొలవడం నా పైత్యం అనుకునేరు! దీన్ని శాస్త్రంగా చేసినవాళ్ళున్నారు. అమెరికాలో ఫ్లాండర్స్ అనే పండితుడు 1960 ప్రాంతాల్లో తరగతి గదుల్లో జరిగే మాటలని మూడేసి సెకన్లకి ఒక గుర్తు చొప్పున రాయించి లెక్కకట్టాడు. తరగతి సమయంలో మూడింట రెండు వంతులు ఎవరో ఒకరు మాట్లాడుతూనే వుంటారట. ఆ మాటల్లో మళ్ళీ మూడింట రెండు వంతులు టీచరువేనట. మనం ఇంటిలెక్క చూసుకుందాం. నలభైఅయిదు నిమిషాల పీరియడు. అందులో మాటలు ముప్ఫై నిమిషాలు. టీచరు వాటా ఇరవై. మిగిలిన పది నిమిషాలూ నలభైమంది పిల్లలకి పంచితే తలకి పదిహేను సెకన్లు. అందులోనే హాజరు పలకాలి, అందులోనే "మంచినీళ్ళకి వెళ్ళొస్తానండీ" అనాలి. మిగిలిన చిల్లరలో భాష నేర్చుకోవాలి. మన కూరగాయల బేరాల్లో ఇంతకంటే ఎక్కువ మాట్లాడుతాం.

ఇంకొక విద్వాంసురాలు, మేరీ బడ్ రో అని, 1970లలో సైన్సు క్లాసుల్లో కూచుని ఇంకో చిత్రం కనిపెట్టారు. టీచరు ప్రశ్న అడిగాక జవాబు కోసం ఎంతసేపు ఆగుతారు? ఒక్క సెకను. అంతలో జవాబు రాకపోతే ఇంకొకరిని లేపడమో, తామే చెప్పెయ్యడమో చేస్తారు. ఆ ఒక్క సెకనుని మూడు సెకన్లు చెయ్యగలిగితే పిల్లల జవాబులు పొడుగయ్యాయి, ఎన్నడూ నోరు విప్పనివాళ్ళు విప్పారు, పిల్లలు ఎదురు ప్రశ్నలు వెయ్యడం కూడా మొదలుపెట్టారు. ఖర్చు రెండు సెకన్లు! ఆవిడ చూసింది సైన్సు పాఠాలనే అయినా, మన తెలుగు క్లాసుకి ఇది ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. పోపులో ఆవాలు చిటపటలాడే దాకా ఆగగలం కానీ, పిల్లవాడి నోట్లో మాట తయారయ్యే దాకా ఆగలేం.

తరగతిలో అడిగే ప్రశ్నల సంగతి వేరే చెప్పాలి. జవాబు ముందే తెలిసి అడిగే ప్రశ్నలు లోకంలో ముగ్గురే అడుగుతారు - టీచర్లు, ప్లీడర్లు, అత్తగార్లు. "ఉప్పు ఎక్కడుందో కనుక్కున్నావా?" అని అత్తగారు అడిగితే ఉప్పు కోసం కాదు, కోడలు ఎంతవరకు కుదురుకుందో తెలుసుకోవడానికి. "దశరథునికి ఎందరు భార్యలు?" అన్న ప్రశ్నా అంతే. ముగ్గురు అని పిల్లవాడు అంటాడు. "గుడ్, కూర్చో." ఇక్కడితో ఆ సంభాషణ అయిపోయింది. ముగ్గురు తల్లులున్న ఇంట్లో అన్నం ఎవరు పెట్టేవారండీ అని ఏ పిల్లైనా అడిగితే క్లాసంతా నవ్వుతుంది. టీచరు పాఠంలోకి రమ్మంటారు. ఆ పిల్ల అప్పుడే పాఠంలోకి వచ్చిందని ఆవిడకి స్ఫురించదు.

మా వీధిలో పిల్లలు నలుగురు సాయంత్రాలు మా అరుగు మీద చేరి హోంవర్కు రాసుకుంటారు. తెలుగు వాచకంలో ప్రతి పాఠం చివరా "కింది పదాలను సొంతవాక్యాలలో ప్రయోగించండి" అని వుంటుంది కదా. ఒకరోజు నలుగురి నోటుపుస్తకాలూ తిరగేశాను. పట్టుదల అన్న మాటకి నలుగురి సొంతవాక్యమూ ఒకటే: పట్టుదల వుంటే దేనినైనా సాధించవచ్చును. కామా కూడా మారలేదు. అదేమిటంటే టీచరుగారు బోర్డు మీద రాశారు, మేము ఎక్కించుకున్నాం అన్నారు. నలుగురిలో చిన్నపిల్ల ఒకతె మాత్రం మొదట ఇంకోటి రాసి, దాని మీద ఎర్రగీత పడ్డాక ఇది రాసింది. ఎర్రగీత కింద అక్షరాలు ఇంకా కనిపిస్తున్నాయి. "మా మేకకి పట్టుదల ఎక్కువ, కొట్టినా మా నాయనమ్మ చీరే నములుతుంది."

చెప్పండి, పట్టుదల అన్న మాట ఆ పిల్లకి వచ్చినట్టా రానట్టా? సాధించవచ్చును అని రాసిన ముగ్గురికీ ఆ మాట వచ్చిందని మనకి ఎలా తెలుస్తుంది? సొంతవాక్యం అంటే పిల్లది కావాలి గానీ బోర్డుది ఎలా అవుతుంది? ఆ టీచరుని తిట్టను. ఆవిడ చేతికింద అరవై నోటుపుస్తకాలు, ఆవిడ నెత్తిమీద పరీక్షలు, పేపర్లు దిద్దే చోట మేకలకి మార్కులు వేస్తారో వెయ్యరో అన్న భయం. తల్లులం మనం తక్కువ తిన్నామా? "టీచరు చెప్పింది రాయక నీ ఇష్టం వచ్చినట్టు రాస్తావేం?" అని మొట్టికాయ వేసింది ఆ పిల్ల తల్లే. ఆ దెబ్బతో మేక ఆ నోటుపుస్తకంలోకి మళ్ళీ రాలేదు. తరవాతి పాఠాల్లో సొంతవాక్యాలన్నీ శుభ్రంగా బోర్డువే. ఇంటర్మీడియట్‌కి వచ్చేసరికి మార్కులు బాగా పడతాయని తెలుగు వొదిలి సంస్కృతం పుచ్చుకునే పిల్లలని చూసి బాధపడతాం గానీ, వాళ్ళు తెలుగుని వొదిలింది అప్పుడు కాదు. ఎర్రగీత పడ్డ రోజున వొదిలారు.

మన వాడుకభాష ఉద్యమం కూడా ఇలాంటి గదిలోంచే పుట్టిందంటే మీలో కొందరికి ఆశ్చర్యంగా వుండవచ్చు. ఇరవయ్యో శతాబ్దం మొదటి పదేళ్ళలో యేట్స్ అనే దొర ఉత్తరకోస్తా జిల్లాలకి స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు. చిన్న తరగతుల్లో తెలుగు పాఠాలు చెప్పే తీరు ఆయనకి అంతుపట్టలేదు. బయట అందరూ మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకంలో తెలుగు ఇంకొకటి, ఎందుకిలాగ అని అడిగాడు. విశాఖపట్నం ఏ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాలు శ్రీనివాస అయ్యంగారు, దీనికి జవాబు చెప్పగలవారు గిడుగు రామమూర్తిగారూ గురజాడ అప్పారావుగారూ అన్నారట. పండితులంతా పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ చూస్తున్నదే. అడగాలని తోచినది మాత్రం కొత్తగా వచ్చినవాడికి, జవాబు తెలియకుండా అడిగినవాడికి.

గిడుగువారి సంగతి మరీ విశేషం. పర్లాకిమిడిలో మేష్టరుగా వున్న మనిషి, చుట్టుపక్కల కొండల్లోని సవరల భాష నేర్చుకోవాలనుకున్నాడు. పుస్తకం లేదు, నిఘంటువు లేదు. సవరభాషా తెలుగూ రెండూ వచ్చిన సవరని తన ఇంట్లోనే పెట్టుకుని, ఆయన నోట విని నేర్చుకున్నాడు. తరవాత ఆ భాషలో వాచకాలు రాసి, సొంత ఖర్చుతో బళ్ళు పెట్టించాడు. సవర వ్యాకరణం 1931లోనూ, నిఘంటువు 1938లోనూ వెలువడ్డాయి. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగుభాషా దినోత్సవం అని ఏటా దండలు వేస్తాం. పద్యాల పోటీ పెడతాం, కంఠస్థం పోటీ పెడతాం. ఆ మేష్టారు తన ఇంట్లో నేల మీద కూచుని, బడి మొహం చూడని మనిషికి శిష్యుడైన సంగతి మీద ఒక పోటీ ఎందుకు పెట్టరో!

సాహిత్యంలో మాత్రం మనకి తెలుగు మేష్టారు అంటే నవ్వులాటే. చిలకమర్తివారి గణపతి తానే చదువుకోకుండా పంతులైపోయి బడి పెడతాడు. సినిమాల్లో తెలుగు మేష్టారు కనబడగానే హాలంతా నవ్వడానికి సిద్ధం. ముళ్ళపూడి వెంకటరమణగారి బుడుగు కొంచెం వేరు. ప్రైవేటు మేష్టారి మీద వాడికి తన అభిప్రాయాలు తనకున్నాయి. వాడి మాటకింకా ఎవరూ ఎర్రగీత పెట్టలేదు. అందుకే జాటర్ ఢమాల్ లాంటి మాటలు పుట్టించగలిగాడు. బుడుగుని ఇంటింటా చదివి ముద్దు చేశాం. మన ఇంట్లో వాడిలా మాట్లాడే పిల్లవాడుంటే మాత్రం "మర్యాదగా మాట్లాడు" అంటాం.

వినే టీచరు సాహిత్యంలో ఎక్కడున్నాడా అని వెతికితే నాకు జపానులో దొరికాడు. టెట్సుకో కురొయనాగి రాసిన టొట్టో-చాన్ తెలుగులో రైలుబడి పేరుతో వచ్చింది, చదివే వుంటారు. ఒక బడిలోంచి పంపేసిన పిల్లని తల్లి ఇంకో బడికి తీసుకువస్తుంది. హెడ్మాస్టరు కొబయాషిగారు తల్లిని ఇంటికి పంపేసి, పిల్లని నీ కబుర్లన్నీ చెప్పమంటాడు. ఆ పిల్ల రైలు గురించి, కుక్క గురించి, గౌను గురించి చెబుతూనే వుంటుంది. నాలుగు గంటలు! ఆయన ఒక్కసారైనా ఆవలించలేదు. చెప్పడానికి ఇక ఏమీ మిగలనప్పుడు, ఇప్పుడు నువ్వు ఈ బడి పిల్లవి అంటాడు. అది కల్పితం కాదు, రచయిత్రి సొంత కథ. ఆ బడి 1945లో బాంబుదాడిలో కాలిపోయింది. ఆ నాలుగు గంటల సంగతి మాత్రం ఎన్నో ఏళ్ళ తర్వాత 1981లో పుస్తకమై ప్రపంచమంతా తిరిగింది. పుస్తకంలో నన్ను ఇబ్బంది పెట్టేదీ వుంది. యాభైమందే వున్న బడి అది. మన దగ్గర ఒక గదిలోనే అంతమంది. నలుగురికి నాలుగేసి గంటలు ఇస్తే ఏడాది గడవదు. కాబట్టి ఆ పుస్తకాన్ని టీచర్లకి బహూకరించి చేతులు దులుపుకుంటే లాభం లేదు. నాలుగు గంటలు అక్కర్లేదు, మేరీ బడ్ రో గారి మూడు సెకన్లు చాలు అని నా బేరం.

చివరగా మళ్ళీ కన్యాశుల్కానికి రావాలి. ఎందుకంటే ఆ ఇంట్లో ఇంకో విద్యార్థిని వుంది. ఆమెకి పలక లేదు, పుస్తకం లేదు. పేరు బుచ్చమ్మ. గిరీశం తమ్ముడికి చెబుతున్నట్టుగా చెప్పే పాఠాలు చాలావరకు పక్కన వింటున్న ఈ అక్క కోసమేనని మనకి తెలుసు. అతని ఎత్తు ఏమిటో కూడా తెలుసు. కానీ ఆ పాఠాన్ని పాఠంగా తీసుకున్నది ఎవరు? వెంకటేశం అడిగినదానికి జవాబు చెప్పి మార్కు కొట్టేస్తాడు, అంతటితో మరిచిపోతాడు. బుచ్చమ్మ వింటుంది, మనసులో పెట్టుకుంటుంది, తన జీవితానికి అన్వయించుకుని చూస్తుంది. తనకి నిజంగా తెలియనిది, నిజంగా కావలసినది అడుగుతుంది. విధవకి పెళ్ళి తప్పు కాదా అన్న సందేహం ఆమెకి పరీక్ష ప్రశ్న కాదు. అన్ని కబుర్లు చెప్పే గిరీశం కూడా ఆమె దగ్గర మాటలు వెతుక్కుంటాడు.

ఆ పాఠం ఆమెని ఎంత ప్రమాదంలోకి తీసుకుపోయిందో, ఎలా ఇల్లు విడిపించిందో నాటకమే చెబుతుంది. మంచి శ్రోత దొరికిన చెడ్డ గురువు ఎంత పని చెయ్యగలడో గురజాడ దాచలేదు. అయితే ఆఖరి అంకంలో సౌజన్యారావు పంతులు ఆమెని పూనా విడోస్ హోముకి పంపే ఏర్పాటు చేస్తాడు. అక్కడ చదువుకోవచ్చు, ఆపైన తన ఇష్టం. అంతమంది చదువుల గురించి మాట్లాడిన ఆ నాటకంలో, తెర పడే వేళకి పెట్టె సర్దుకుని బడికి బయల్దేరవలసింది ఆమె. వాళ్ళ భాష మరాఠీ. బుచ్చమ్మకి తెలుగు తప్ప రాదు. మొదటి రోజు అక్కడ టీచరమ్మ ఆమెని ఏమని అడిగిందో, జవాబు కోసం ఎంతసేపు ఆగిందో గురజాడ రాయలేదు.